ఇంట్లో ఉండిపోయినవాళ్ళ సంగతి

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పరిచయాలు రెండుసార్లు చదివాను. హ్యారీ పోటర్ లోకం మీద అభిమానులు రాసుకున్న కథల్లోంచి నీకు నచ్చినవి పదకొండు ఏరి, ఒక్కోదాని గురించి పది పన్నెండు వాక్యాలు రాశావు. చివర్లో రెండు ప్రశ్నలు అడిగావు. ఇవి ఇంకా బాగా రాయాలంటే ఏం చెయ్యాలి? అసలు ఇలాంటివి రాయడం రచన కిందికి వస్తుందా?

రెండో ప్రశ్న నిన్ను ఎక్కువ టెన్షన్ పెడుతున్నట్టుంది కాబట్టి ముందు దానికే జవాబు చెప్తాను. వస్తుంది. ఎవరో రాసినదాన్ని మనసుపెట్టి చదివి, ఇంకొకరి చేతిలో పెట్టి, వాళ్ళు కూర్చుని చదివేలా చెయ్యడం కష్టమైన పని. ముప్పై ఏళ్ళుగా కథలు రాస్తున్నాను. వేరేవాళ్ళ కథ గురించి నాలుగు వాక్యాలు నిజాయితీగా రాయాలంటే నాకు ఇప్పటికీ ఒక పూట పడుతుంది.

ఇక మొదటి ప్రశ్న. నీ పదకొండింటిలో పదింటికి ఒకటే ఇబ్బంది. కథంతా చెప్పేసి, "చాలా ఎమోషనల్‌గా ఉంటుంది, తప్పకుండా చదవండి" అని ముగించావు. కథ తెలిసిపోయాక చదవడానికి ఏం మిగిలింది? ఎమోషనల్ అన్న మాట ఏ కథకైనా అతుకుతుంది. పదకొండోది మాత్రం వేరేగా ఉంది, హ్యారీ పెద్దమ్మ పెటూనియా మీద వచ్చిన ఆ చిన్న కథ గురించి రాసినది. "చెల్లెలికి ఉత్తరం వచ్చింది, అక్కకి రాలేదు. ఆ రాత్రి అక్క ఏం చేసిందో ఇందులో ఉంది" అని మొదలుపెట్టావు. అది చదవగానే ఫోన్ తీసి ఆ కథ కోసం వెతికాను.

ఆ రెండు వాక్యాలు నన్ను ఎందుకు కదిలించాయో ఆలోచించాను. ఏడో పుస్తకంలో, హాగ్వార్ట్స్ అనే మంత్రాల బడిలో మాస్టారు స్నేప్ జ్ఞాపకాల్లో ఒక సంగతి బయటపడుతుంది. చిన్నప్పుడు పెటూనియా తనని కూడా హాగ్వార్ట్స్‌లో చేర్చుకోమని ఆ బడి హెడ్మాస్టర్ డంబుల్డోర్‌కి ఉత్తరం రాసింది. ఆయన దయగానే జవాబిచ్చాడు, కానీ కుదరదన్నాడు. ఆ పుస్తకాలు రాసిన రౌలింగ్ ఆ సంగతి నాలుగు మాటల్లో చెప్పి ముందుకు వెళ్ళిపోయారు. చెల్లెలు లిల్లీ కొడుకు హ్యారీని మెట్ల కింద అలమారలో పడుకోబెట్టిన మనిషిగానే మనకి పెటూనియా తెలుసు. ఆ ఉత్తరం సంగతి తెలిశాక ఆమెని క్షమించలేకపోయినా, మళ్ళీ ఒకసారి తలతిప్పి చూస్తాం. అక్కడ ఒక ఖాళీ ఉంది. ఆ కథ రాసినవాళ్ళు ఆ ఖాళీలో కూర్చున్నారు. నువ్వు దాన్ని వేలు పెట్టి చూపించావు.

నేను నీకు చెప్పదలుచుకున్నది ఇదే. మంచి ఫ్యాన్ ఫిక్షన్, అంటే అభిమానులు రాసుకునే ఇలాంటి కథ, మూలకథలో ఎక్కడో ఒక ఖాళీ దగ్గర పుడుతుంది. ఆ ఖాళీ ఏమిటో చెప్పగలిగితే పరిచయం ముప్పాతిక వంతు అయిపోయినట్టే.

ఈ పాఠం నాకు మా అమ్మమ్మ దగ్గర వచ్చింది. ఆవిడ మధ్యాహ్నాలు బియ్యం ఏరుతూ ఊర్మిళాదేవి నిద్ర పాడేది. లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు నిద్ర లేకుండా అడవిలో ఉంటే, ఇక్కడ ఊర్మిళ ఆ పద్నాలుగేళ్ళూ నిద్రపోతుంది. భర్త తిరిగొచ్చి లేపితే గుర్తుపట్టక, ఎవరో పరాయివాడు గదిలోకి వచ్చాడని భయపడి, పరాయి స్త్రీని ఆశించినవాళ్ళకి ఏ గతి పట్టిందో చెప్పి హెచ్చరిస్తుంది. వాల్మీకంలో ఈ ఘట్టం లేదు. మన ఆడవాళ్ళు పాటగా కట్టుకుని, ఇంటి నుంచి ఇంటికి మోసుకొచ్చారు. పాట ఎత్తుకునే ముందు అమ్మమ్మ నాతో ఒకే మాట అనేది: "అందరూ అడవికెళ్ళినవాళ్ళ సంగతే చెప్తారు. ఇంట్లో ఉండిపోయినదాని సంగతి విను." పాట గొప్పదనీ, ఏడుపొస్తుందనీ ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఒక్క మాటకి నేను ఆడుకోవడం మానేసి పక్కన కూర్చునేదాన్ని. పరిచయం అంటే నాకు ఇప్పటికీ అదే.

ఇప్పుడు నీ జాబితాలోని పెద్ద కథలు రెండు తీసుకుని ఇదే పద్ధతిలో చూద్దాం.

మొదటిది ఎలియేజర్ యుడ్కోవ్‌స్కీ రాసిన 'హ్యారీ పోటర్ అండ్ ద మెథడ్స్ ఆఫ్ ర్యాషనాలిటీ'. 2010లో మొదలై 2015 మార్చిలో ముగిసింది. 122 అధ్యాయాలు, ఆరు లక్షల అరవై వేల పదాలకి పైనే. రౌలింగ్ ఏడు పుస్తకాలూ కలిపితే పది లక్షల పైచిలుకు. దీని గురించి నువ్వు "హ్యారీ సైంటిస్ట్ అయితే ఎలా ఉంటుందో చెప్పే కథ" అని రాశావు. తప్పు కాదు. అందరూ అదే రాస్తారు. కానీ కొంచెం వెనక్కి వెళ్ళి చూడు. ఆ కథ కూడా పెటూనియా దగ్గరే మొదలవుతుంది! ఇందులో లిల్లీ తన అక్కకి మంత్రంతో సాయం చేస్తుంది. పెటూనియా, మూలకథలో తన భర్త అయిన వెర్నన్‌ని కాకుండా ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ని పెళ్ళి చేసుకుంటుంది. హ్యారీ పుస్తకాల మధ్య, ప్రేమగా పెరుగుతాడు. ఒక అక్క జీవితం కాస్త మారితే లోకం మొత్తం ఎంత మారిపోతుందో చూపించే కథ అది. నువ్వు పెటూనియా కథ గురించి రాసిన చోటే దీన్నీ పక్కన పెట్టి ఉంటే, ఒకటి చదివినవాళ్ళు రెండోదాని దాకా వాళ్ళంతట వాళ్ళే నడిచి వచ్చేవాళ్ళు.

దానిలో లోపాలు కూడా చెప్పు. ఆ హ్యారీ పదకొండేళ్ళ పిల్లాడిలా మాట్లాడడు, క్లాసు చెప్తున్నట్టు మాట్లాడతాడు. గర్వం ఎక్కువ. కొన్ని అధ్యాయాల్లో కథ ఆగిపోయి పాఠం నడుస్తుంది. నాకు ఆ చోట్ల విసుగొచ్చింది, అయినా వదల్లేదు. రచయిత తానే మొదట్లో పాఠకుడికి ఒక మాట చెప్పాడు: ఐదో అధ్యాయం దగ్గర్నుంచి కథ ఊపందుకుంటుంది, పదో అధ్యాయం తరవాత కూడా నచ్చకపోతే వదిలెయ్యండి అని. నాకు ఆ మాట మీద చాలా గౌరవం. ఇంత పెద్ద కథని ఎవరికైనా ఇచ్చేటప్పుడు, ఎక్కడిదాకా ఓపిక పట్టాలో, ఎక్కడ నిశ్చింతగా మూసెయ్యొచ్చో చెప్పడం మన బాధ్యత. వదిలేసే స్వేచ్ఛ ఉందని తెలిస్తే మనుషులు ధైర్యంగా మొదలుపెడతారు.

రెండోది 'ఆల్ ద యంగ్ డ్యూడ్స్'. 2017, 2018 సంవత్సరాల్లో వచ్చింది, 188 అధ్యాయాలు. మూడో పుస్తకంలో హ్యారీకి పాఠాలు చెప్పే లూపిన్ తన చిన్నతనం గురించి ఒక్క రాత్రి, ఒక పాడుబడ్డ ఇంట్లో నిలబడి చెప్తాడు. తనని తోడేలు-మనిషిగా మార్చిన కాటు, ముగ్గురు స్నేహితులు, వాళ్ళు తన కోసం జంతు రూపాలు నేర్చుకోవడం. ఆ తరం బతికిన రోజులన్నీ ఆ ఒక్క రాత్రి మాటల్లో ఇరుక్కుని ఉన్నాయి. ఈ కథ వాటిని విప్పింది. పైగా ఒక మార్పు చేసింది. ఇందులో లూపిన్ అమ్మానాన్నల దగ్గర పెరగడు, అనాథ పిల్లల హాస్టల్లో పెరుగుతాడు. హాగ్వార్ట్స్‌కి వచ్చేటప్పటికి అతనికి చదవడం రాదు. మంత్రాల బడికి, అక్షరాలు కుదరని పిల్లాడు! నువ్వు రాసిన పన్నెండు వాక్యాల్లో ఈ సంగతి లేదు. ఇది ఒక్కటి రాసి ఉంటే చాలు. తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో మొదటిసారి ఇంగ్లిష్ క్లాసులో కూర్చున్న ప్రతివాళ్ళకీ ఆ పిల్లాడి మెడ ఎలా వంగిందో తెలుసు. వాళ్ళు చదువుతారు.

లూపిన్‌కీ, ఆ ముగ్గురు స్నేహితుల్లో ఒకడైన సిరియస్‌కీ మధ్య ప్రేమ గురించి నువ్వు "స్నేహం" అని రాసి దాటేశావు. అలా చెయ్యకు. ఇది ఇద్దరు అబ్బాయిల ప్రేమకథ, నిదానంగా ఎదిగే ప్రేమ. ఆ మాట మామూలుగా, గొంతు తగ్గించకుండా చెప్పు. దాచిపెడితే అలాంటి కథ కోసమే వెతుకుతున్న మనిషికి నీ పరిచయం వల్ల ఉపయోగం ఉండదు. వద్దనుకునేవాళ్ళకి మోసపోయినట్టు ఉంటుంది.

హెచ్చరికల సంగతి దీనికంటే ముఖ్యం. కొన్నేళ్ళ క్రితం నేను ఒక స్నేహితురాలికి ఒక పొడుగాటి కథ ఇచ్చాను. అందులో సగం దాటాక ఒక చిన్నపిల్ల చనిపోతుంది. అప్పటికి ఏడాది కిందటే తన కూతురు పోయిందని నాకు తెలుసు. కథ బాగుందన్న ఉత్సాహంలో ఆ ఘట్టం గుర్తురాలేదు. తను నన్ను ఏమీ అనలేదు. "అక్కడిదాకా చదివాను" అంది, అంతే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండెలో కలుక్కుమంటుంది. అందుకే చావు, హింస, బలాత్కారం, పిల్లలకి హాని ఉంటే మొదట్లోనే రాయి. అభిమానుల కథలు దొరికే సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో రచయితలే ట్యాగులు పెడతారు, రేటింగ్ ఇస్తారు. కానీ "హెచ్చరికలు ఇవ్వదలుచుకోలేదు" అన్న ఎంపిక కూడా అక్కడ ఉంది. అది కనిపిస్తే ఏమీ లేదని అర్థం కాదు, ఏదైనా ఉండొచ్చని. అలాంటి కథని నువ్వే చివరిదాకా చదివి చూసి చెప్పాలి. కథ పూర్తయిందా, మధ్యలో ఆగిపోయిందా అన్నది కూడా తప్పకుండా రాయి. ఇంగ్లిష్ ఎంత కష్టమో ఒక ముక్క చెప్పు. మన పాఠకుల్లో చాలామందికి అది అవసరం. చెప్పే అలవాటు మాత్రం మనకి లేదు.

ఆ ఆర్కైవ్ గురించి ఇంకొకటి. 2009 నుంచి నడుస్తోంది. ప్రకటనలు ఉండవు, వాలంటీర్లు నడుపుతారు, 2019లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రంగంలో ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. నువ్వు చదివినదాన్ని బట్టి "ఇది కూడా చూడండి" అని తోసే యంత్రం అక్కడ లేదు. ఏదైనా కథని దాచుకునేటప్పుడు "ఇది రెక్", అంటే చదవమని సిఫారసు, అని గుర్తు పెట్టే చిన్న గడి మాత్రం ఉంది. అంటే అక్కడ ఒక కథ ఇంకొక మనిషిని చేరాలంటే మధ్యలో నీలాంటి మనిషి ఉండాల్సిందే. మూడొందల మంది చదివిన ఒక మంచి కథ ఎక్కడో అడుగున పడి ఉంటుంది. నువ్వు చెప్తే మూడొందల ఒకటో మనిషి చదువుతాడు. పేరున్న కథలు రెండు చెప్తే, ఎవరికీ తెలియనివి నాలుగు చెప్పు. ముఖ్యంగా హ్యారీతో చదివే పటీల్ అక్కచెల్లెళ్ళ మీద వచ్చినవి వెతుకు. పార్వతి, పద్మ ఇద్దరూ కవలలు. పుస్తకాల్లో ఆ బడిలో పార్వతిది గ్రిఫిండోర్ హౌస్, పద్మది రేవెన్‌క్లా. సినిమాల్లో ఇద్దరినీ ఒకే హౌస్‌లో పెట్టేశారు, అంత తేలిగ్గా. నాలుగో పుస్తకంలో డాన్సుకి వచ్చి, హ్యారీ, అతని స్నేహితుడు రాన్ పట్టించుకోకపోతే కాసేపు కుర్చీల్లో కూర్చోవాల్సి వచ్చిన ఆడపిల్లలు వాళ్ళు. వాళ్ళు ఇంటికెళ్ళి అమ్మతో ఏ భాషలో మాట్లాడారో రౌలింగ్ చెప్పలేదు. ఆ ఖాళీ మనది కూడా.

ఈ కథలు రాసేవాళ్ళకి డబ్బు రాదు, రాకూడదు కూడా. 2004లోనే రౌలింగ్ తరఫువాళ్ళు చెప్పారు: అభిమానులు కథలు రాయడం ఆవిడకి సంతోషమే, కానీ వాటితో వ్యాపారం చెయ్యకూడదు, పిల్లలకి తగనివి ఉండకూడదు అని. కాబట్టి ఎవరైనా ఈ కథలని అచ్చువేసి అమ్ముతుంటే ఆ లింకు నీ పరిచయంలో ఎప్పుడూ పెట్టకు. ఆ అమ్మకం వల్ల చిక్కుల్లో పడేది రాసిన మనిషి. రాసినవాళ్ళలో పరీక్షలకి చదువుతూ రాత్రిళ్ళు రాసేవాళ్ళుంటారు. లోపం చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కానీ ఎదురుగా కూర్చున్న పిల్లకి చెప్పినట్టు చెప్పు.

నీ పదింటినీ మళ్ళీ రాయమని అడగను. రెండు చాలు. ఒక్కోదానికి ఆరు వాక్యాలు దాటొద్దు. మొదటి వాక్యంలో ఖాళీ చూపించు. ఆ కథ ఎవరి కోసమో మనసులో ఒక మనిషిని అనుకుని రాయి, మీ హాస్టల్ రూమ్మేట్ అయినా పరవాలేదు.

ఇంకో సంగతి. పెటూనియా కథ ఎవరు రాశారో నువ్వు చెప్పలేదు. నేను వెతికితే దొరకలేదు కూడా. నీ పరిచయంలో ఆ కథ గురించి ఉన్న వాక్యాలకీ మిగతా పదింటికీ చెయ్యి వేరుగా ఉంది. అది నువ్వే రాసి ఉంటే, పూర్తి కథ పంపు. అక్షరాలు కొంచెం పెద్దవిగా పెట్టు, నా కళ్ళకి చిన్నవి ఆనడం లేదు. ఆదివారం మధ్యాహ్నం ఎవరినీ రానివ్వకుండా కూర్చుని చదువుతాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ ఈడు మనిషి