పదోన్నతి దరఖాస్తులో సైటేషన్ల గురించి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. పదోన్నతి దరఖాస్తుకు జతచేయడానికి నువ్వు తయారుచేసుకున్న పరిశోధనా వివరాల ముసాయిదా చదివాను. మొదటి పేజీ నిండా అంకెలే ఉన్నాయి: మొత్తం సైటేషన్లు (నీ పత్రాలను ఇతర వ్యాసాల్లో ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క), హెచ్-ఇండెక్స్, ఒక్కో పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్. నల్లగుడ్డు మీద వచ్చే ఫంగస్ పుండ్ల గురించి నువ్వు కొత్తగా ఏం కనిపెట్టావో తెలుసుకోవడానికి మాత్రం మూడో పేజీ దాకా వెళ్లవలసి వచ్చింది. ఎంపిక సంఘాల్లో చాలాకాలం కూర్చున్నవాణ్ణి కనుక ఈ వరుసను ఎందుకు తిరగెయ్యమంటున్నానో కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి చక్కబెట్టుకో. మనవాళ్ల ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, ఇంకొకదానిలో వెనక, మరోచోట పొడి అక్షరంగా అచ్చవుతుంది. పేరు చివర రావు అనో రెడ్డి అనో ఉంటే డేటాబేసు దాన్నే ఇంటిపేరనుకుంటుంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వ్యవస్థాపకులు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారి పత్రాలు కూడా వైద్య వ్యాసాల డేటాబేసు పబ్‌మెడ్‌లో ‘రావు జి.ఎన్.’ పేరుతోనే కనిపిస్తాయి. నీ గూగుల్ స్కాలర్ ప్రొఫైల్లో వరి తెగుళ్ల మీద రాసిన పత్రం ఒకటి చేరి ఉంది. నీ పేరే ఉన్న వేరొకరిదై ఉంటుంది. ఫంగస్ ప్రస్తావన రెండుచోట్లా ఉండడంతో యంత్రం కలిపేసినట్టుంది. పొరపాటున చేరిందని నాకు తెలుసు కానీ, సంఘంలో ఎవరైనా దాన్ని పట్టుకుంటే మిగతా జాబితా అంతటినీ అనుమానంగానే చూస్తారు. దాన్ని తొలగించి, నీ పత్రాలన్నిటినీ ఓర్కిడ్ సంఖ్యకు (పరిశోధకులకు ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) జతచేసుకో. సైటేషన్ల సంఖ్య రాసిన ప్రతిచోటా అది ఏ డేటాబేసులో, ఏ తేదీన చూసినదో కూడా రాయి. సిద్ధాంత గ్రంథాలు, ప్రీప్రింట్లు (పత్రికలో అచ్చుకాకముందే బయటపెట్టిన పత్రాలు) కూడా లెక్కలోకి వచ్చే గూగుల్ స్కాలర్ అంకె స్కోపస్ అనే డేటాబేసు ఇచ్చే అంకెకన్నా సాధారణంగా పెద్దదిగానే ఉంటుంది.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఒక్కోదానికి కనీసం పదేసి సైటేషన్లు వచ్చిన పత్రాలు పది ఉంటే ఇండెక్స్ పది అన్నమాట. ఒకరికి పది పత్రాలుండి ఒక్కోదానికి పదేసి సైటేషన్లు వచ్చాయనుకో. మరొకరికి తొమ్మిదింటికి పదేసి, పదోదానికి మూడువేలు వచ్చాయనుకో. ఇద్దరి ఇండెక్సూ పదే. పైగా అది పెరగడమే కానీ తగ్గడం ఉండదు కనుక, వయసు మళ్లిన మాబోటివాళ్లకు అనుకూలంగా ఉంటుంది. ఒక వాక్యంలో చెప్పి వదిలెయ్యి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది నీ పత్రాలను ఎవరు, ఎందుకు ఉదహరించారన్న దాని మీద. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతినడాన్ని ఫొటోల నుంచి కంప్యూటరు గుర్తించగలదని గూగుల్ పరిశోధకులు 2016లో జామా అనే వైద్య పత్రికలో ప్రచురించిన పత్రాన్ని నేత్ర వైద్యులతోపాటు కంప్యూటర్ శాస్త్రజ్ఞులు కూడా వేలసార్లు ఉదహరించారు. ఫంగస్ పుండుకు నాటామైసిన్, వోరికొనజోల్ చుక్కల్లో ఏది మేలో తేల్చడానికి మదురై అరవింద్ ఆసుపత్రి వైద్యులు అమెరికా పరిశోధకులతో కలిసి చేసి 2013లో ప్రచురించిన ప్రయోగానికి అన్ని సైటేషన్లు రావు, రావాలని ఆశించడమూ తప్పే. ఆ జబ్బు మీద పనిచేసేవారే తక్కువ, అది వచ్చేవారిలో ఎక్కువమంది పొలం పనిలో కంటికి దెబ్బ తగిలినవాళ్లు. కానీ ముఖ్యంగా ఫ్యుజేరియం అనే ఫంగస్ వల్ల వచ్చిన పుండ్లలో నాటామైసినే మేలని తేల్చింది ఆ ప్రయోగమే. ఇలాంటి పత్రాన్ని ఉదహరించేవారిలో చాలామంది ఏ మందు వాడాలో నిర్ణయించుకోవడానికి ఉదహరిస్తారు. కనుక నీ పత్రాల్లో ముఖ్యమైనవి ఐదు ఎంచుకుని, వాటిని ఉదహరించిన వ్యాసాలను తెరిచి చదువు. ఉపోద్ఘాతంలో పదిమందితోపాటు నీ పేరు చేర్చినవారు ఎవరు, నీ పద్ధతిని తమ ప్రయోగశాలలో వాడినవారు ఎవరు, నీతో విభేదించినవారు ఎవరు అన్నది వేరుచేసి, ఒక్కో పత్రం కింద రెండు మూడు వాక్యాలు రాయి. విభేదించినవారిని దాచకు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల వరుసను పూర్తిగా తీసెయ్యమంటాను. ఒక పత్రిక అంతకుముందు రెండేళ్లలో వేసిన వ్యాసాలకు ఆ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు అది. నీ వ్యాసం గురించి ఏమీ చెప్పదు. 1996 నుంచి 2000 వరకు హైదరాబాదులోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించి చేసిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేను చూడు. శుక్లాలొక్కటే లక్ష్యంగా సాగుతున్న విధానం సరిపోదని, నగరంలో అంధత్వానికి శుక్లాల వాటా మూడోవంతు కూడా లేదని 1998లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన దాని హైదరాబాదు ఫలితాలు చూపించాయి. దశాబ్దం దాటాక అదే సర్వేలోని గ్రామీణులను మళ్లీ వెతికి పరీక్షించారు. అటువంటి పనికి రెండేళ్ల కొలబద్ద ఏం సరిపోతుంది?

చాలామంది సహ రచయితలున్న అంతర్జాతీయ పత్రాలు నీకు రెండున్నాయి. నీ మొత్తం సైటేషన్లలో సగానికి పైగా వాటివే. వాటిని విడిగా చూపించి, నువ్వు చేసింది సమాచారం అందించడమా, విశ్లేషణా అన్నది స్పష్టంగా రాయి. స్వీయ సైటేషన్లు మినహాయించిన సంఖ్యను కూడా పక్కనే ఇవ్వు. ఎవరో అడిగే దాకా ఆగవద్దు.

రంగుల గ్రాఫు అక్కరలేదు. మార్చిన ముసాయిదాను వచ్చే వారంలోగా పంపితే చూసి, గడువుకు ముందే తిప్పి పంపుతాను.

శుభాశీస్సులతో,
మీ మాస్టారు