మా బాబుకి ‘విశాఖ్’ అని పెట్టొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ, మా బాబు పుట్టి పదిహేను రోజులైంది. విశాఖ నక్షత్రం, రెండో పాదం. ‘విశాఖ్’ అని పెట్టాలని మావారి పట్టుదల. అత్తయ్యగారేమో ‘‘అది ఊరి పేరు, పైగా ఆడపేరు. బడిలో పిల్లలు విశాఖ ఎక్స్‌ప్రెస్ అని ఏడిపిస్తారు’’ అంటున్నారు. పంతులుగారు ‘తూ’ అక్షరం వచ్చిందన్నారు. ఇరవై ఒకటో రోజున బారసాల. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్‌గా ఉంది. ఈ పేరు మగపిల్లలకి పెడతారా? అర్థం ఏమిటి?
– ఒక సోదరి, గాజువాక

జవాబు: అమ్మా, బాబుకి నా ఆశీస్సులు. నిక్షేపంగా పెట్టొచ్చు.

మీ అత్తయ్యగారి అనుమానం ఊరికే వచ్చింది కాదు. నక్షత్రం పేరు ‘విశాఖా’ స్త్రీలింగమే. శాఖ అంటే కొమ్మ. విశాఖ అంటే కొమ్మలుగా చీలినది. ఆ నక్షత్రానికి తోరణాన్ని గుర్తుగా చెబుతారు. కానీ ‘విశాఖుడు’ వేరు. ఆయన సాక్షాత్తూ కుమారస్వామి. అమరకోశంలో ఆ స్వామి పేర్లు వరసగా చెప్పేచోట ‘‘బాహులేయస్తారకజిద్విశాఖః శిఖివాహనః’’ అని ఉంది.

మహాభారతం అరణ్యపర్వంలో ఈ పేరుకో కథ ఉంది, నాకు ప్రాణం. అప్పుడే పుట్టిన స్కందుణ్ణి చూసి ఇంద్రుడికి భయం పట్టుకుంటుంది. వజ్రాయుధంతో కుడిపక్కన కొడతాడు. స్కందుడు కూలిపోడు సరికదా, ఆ దెబ్బ తగిలిన చోటునుంచే ఇంకో యువకుడు బయటికొస్తాడు. ఒంటిమీద బంగారు కవచం, చెవులకు దివ్యకుండలాలు, చేతిలో శక్తి ఆయుధం. వజ్రం లోపలికి చొచ్చుకుపోతే (విశనం అంటే చొరడం) పుట్టాడు కనక విశాఖుడన్నారు. కొట్టిన ఇంద్రుడే చేతులు జోడించి శరణన్నాడు. గాయంలోంచి వీరుడు పుట్టిన పేరమ్మా అది. ఆడపేరని ఎలా పక్కన పెడతాం?

పాతదనం సంగతి కూడా చెప్పాలి. రెండు వేల ఏళ్లకు పైబడిన పతంజలి మహాభాష్యంలో శివుడు, స్కందుడు, విశాఖుడు అని దేవతా విగ్రహాల ప్రస్తావన ఉంది. కుషాణ చక్రవర్తి హువిష్కుడి బంగారు నాణేల మీద స్కందకుమారుడూ విశాఖుడూ పక్కపక్కన నిలబడి కనిపిస్తారు. ముద్రారాక్షసం రాసిన కవి విశాఖదత్తుడు. ఇక మన ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందంటే, సముద్రంలో కలిసిపోయిన వైశాఖేశ్వరుడి గుడి కథ చెబుతారు పెద్దలు.

ఊరి పేరైతే తప్పేమిటి? తిరుపతి, కాశీ, శ్రీశైలం అని మగపిల్లలకి పెట్టుకోలేదా? మన వైపు సింహాచలం అన్న పేరు లేని వీధి ఉందా? అత్తయ్యగారిని ఈ ఒక్క మాట అడిగి చూడండి, చుట్టాల్లోనే ఇద్దరు ముగ్గురు తేలతారు.

వాడుక మాత్రం మనలో తక్కువే. ముప్పై నాలుగేళ్లు ఈ ఊరి బళ్లలో తెలుగు చెప్పాను. మొదట్లో హాజరుపట్టీ నిండా అప్పలరాజులు, నూకరాజులు, పైడిరాజులు. తర్వాత సాయికుమార్‌లు, సాయికిరణ్‌లు. విశాఖ్ ఒక్కడే. వాళ్ల నాన్నగారు కేరళ నుంచి డాక్‌యార్డ్ ఉద్యోగానికి వచ్చారు. అక్కడ ఇది మామూలు పేరే. జన్మనక్షత్రంతో పిలవడం వాళ్లకి అలవాటు. 1880 నుంచి 1885 దాకా తిరువాన్కూరును ఏలిన రాజు విశాఖం తిరునాళ్. ఆరో తరగతి మొదటి రోజు, పట్టీలో ‘విశాఖ’ అని ఉంటే నేను ఆడపిల్లల బెంచీల వైపు చూసి పిలిచాను. చెయ్యి మగపిల్లల వైపునుంచి లేచింది. క్లాసంతా గొల్లుమంది. వాడు తడబడలేదు. నా బల్ల దగ్గరికొచ్చి, ఎర్రపెన్ను అడిగి తీసుకుని, పట్టీలో ఖ మీద జాగ్రత్తగా పొల్లు గీసి వెళ్లి కూర్చున్నాడు. ఆ ఏడాదంతా వాణ్ణి ఎవరూ రైలు పేరుతో ఏడిపించగా నేను వినలేదు.

అక్షరం విషయంలో పంతులుగారు చెప్పింది సరైనదే. విశాఖ నాలుగు పాదాలకు తీ, తూ, తే, తో. విశాఖ్‌లోని ‘వి’ రోహిణి మూడో పాదానిది. అంటే విశాఖలో పుట్టినవాడికి విశాఖ్ అన్న పేరు అక్షరం లెక్కకు కుదరదు. దానికీ పద్ధతుంది. బారసాల నాడు పళ్లెంలో పోసిన బియ్యంలో ఉంగరంతో రాసేటప్పుడు ముందు ‘తులసీరామ్’ లాంటి జన్మనామం, దాని కింద వ్యవహార నామం విశాఖ్ రాయించండి. మొదటి పేరు అత్తయ్యగారినే ఎంచమనండి.

ఇంట్లో ఇంకా తేలకపోతే కంగారు పడొద్దు. పేరు లేకుండానే జననం నమోదు చేయించవచ్చు, పన్నెండు నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. ఇంగ్లిష్‌లో ఎస్ తర్వాత హెచ్ పెట్టాలా వద్దా అన్నది మాత్రం ముందే తేల్చుకోండి. ఊరి స్పెల్లింగులో హెచ్ లేదు. బాబుకి పెడితే ఆధార్‌లోనూ అలాగే ఉండాలి. జనన ధ్రువపత్రం చేతికి రాగానే తెలుగు పేరు దగ్గర వేలు పెట్టి చూడండి, ఖ మీద పొల్లు ఉందో లేదో.