పారామెడిక్ కోర్సులో ఇప్పుడే చేరాలా? ముందు ఒక ఏడాది అంబులెన్స్‌లో పని చేయండి

ఈఎంటీ (అంబులెన్స్ సిబ్బందిలో మొదటి మెట్టు) కోర్సు అయిపోయింది, అదే కమ్యూనిటీ కాలేజీలో ఆగస్టు నుంచి దాని పై మెట్టు పారామెడిక్ బ్యాచ్ ఉంది, వెంటనే చేరనా ఆగనా అని కదా మీరు అడిగింది. ఆగండి. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది అంబులెన్స్‌లో పని చేశాక చేరండి. నేను ఆగకుండా చేరి నానా తిప్పలూ పడ్డాను.

మాది డాలస్ దగ్గర. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. ఇక్కడికొచ్చి, బాబు స్కూల్లో చేరాక 35వ ఏట ఈఎంటీ క్లాసులో కూర్చున్నాను. పారామెడిక్ చదువుతానంటే అమ్మ "ల్యాబ్ టెక్నీషియనా?" అంది. మన దగ్గర పారామెడికల్ అంటే రక్తపరీక్షలు, ఎక్స్‌రే కోర్సులే కదా మరి. 2005 నుంచి తిరుగుతున్న 108 బండి గుర్తు చేసి, అందులో వచ్చేవాళ్ళలాగా అని చెప్పాక అర్థమైంది. వెంటనే కంగారూ మొదలైంది.

ఈఎంటీ ఒక్క సెమిస్టర్‌లో అయిపోతుంది. పారామెడిక్ అలా కాదు. క్లాసు, ల్యాబు, ఆసుపత్రి, అంబులెన్స్ అన్నీ కలిపి మాకు 1,200 గంటలు దాటింది. నరానికి సూది పెట్టడం, గొంతులో గొట్టం వేయడం, 12 లీడ్ ఈసీజీ చదవడం, మందుల డోసులు, అన్నీ రావాలి. లెక్కల దగ్గర మనవాళ్ళకు ఇబ్బంది ఉండదు. కిలోకి ఇన్ని మైక్రోగ్రాములు, సెలైన్ సంచిలో ఇంత మందు, నిమిషానికి ఎన్ని చుక్కలు? క్లాసులో కుర్రాళ్ళు తల పట్టుకుంటే నేను నోటి లెక్కతో చెప్పేసేదాన్ని. అది చూసుకుని కోర్సు సగం అయిపోయినట్టే అనుకున్నాను.

ల్యాబులో మొదటి సినారియో, అంటే నిజం కేసులా చేయించే అభ్యాసం రోజున, రోగి బదులు పెట్టిన బొమ్మ నేల మీద పడి ఉంది. గ్లవ్స్ వేసుకుని "బీఎస్ఐ, సీన్ సేఫ్" (నాకు రక్షణ ఉంది, చోటు సురక్షితం) అని పద్యంలా అప్పజెప్పాను. "ఆయన భార్య ఏడుస్తోంది, నీ పార్ట్‌నర్ ఏం చేయాలని అడుగుతున్నాడు" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. నాకు నోరు పెగల్లేదు. నువ్వు ఆక్సిజన్ పెట్టు, నువ్వు బీపీ చూడు అని పని పురమాయించడం నాకు రాదు. నేనే అన్నీ చేయబోయి షుగర్ చూడడం మర్చిపోయాను. బొమ్మగారి షుగర్ 32! లెక్కలకు నా దగ్గరికొచ్చే 21 ఏళ్ళ కుర్రాడు మాత్రం అలాంటి సినారియోలోనే లోపలికి వస్తూనే టేబుల్ మీది ఇన్సులిన్ డబ్బా చూశాడు. రెండేళ్ళుగా అంబులెన్స్‌లో చేస్తున్నాడు, చూపు అటే పోతుంది.

అసలు దెబ్బ నిజం అంబులెన్స్‌లో చేసే ఫీల్డ్ ఇంటర్న్‌షిప్‌లో తగిలింది. అక్కడ వచ్చిన కేసుల్లో కొన్నిటిని మొదటి నుంచి చివరి దాకా మనమే నడిపించాలి. నాకేమో స్ట్రెచర్ చక్రాలు లాక్ అయ్యాయో లేదో తెలీదు, ఏ అరలో ఏముందో తెలీదు, రేడియోలో ఆసుపత్రికి రిపోర్ట్ ఇవ్వమంటే గొంతు వణికేది. ఈసీజీ గురించి అడగాల్సిన షిఫ్టులో మా ప్రిసెప్టర్ (పక్కనుండి నేర్పే సీనియర్ పారామెడిక్) నాకు స్ట్రెచర్ ఎక్కించడం నేర్పాడు. పాపం ఒక్కసారి కూడా విసుక్కోలేదు, కానీ నా గంటలు అలా కరిగిపోయాయి. అదనపు షిఫ్టులు పడి, బ్యాచ్ వాళ్ళకంటే మూడు నెలలు ఆలస్యంగా బయటపడ్డాను. ఆ మూడు నెలలూ ఇంట్లో వంట మా ఆయనదే, ఆ సాంబారు గురించి ఇక్కడ రాయను.

కాబట్టి ముందు ఉద్యోగం చూసుకోండి. 911 సర్వీసులో (ఇక్కడి 108 లాంటిది) దొరక్కపోతే, రోగులను ఆసుపత్రులకూ ఇళ్ళకూ చేర్చే ట్రాన్స్‌ఫర్ కంపెనీలో అయినా చేరండి. డయాలసిస్ ట్రిప్పులే కదా అని చిన్నచూపు వద్దు, రోజూ ఎంతోమంది పెద్దవాళ్ళను ఎక్కించి దించుతూ, మాట్లాడుతూ ఉంటే ఆ బెరుకు పోతుంది.

కాలేజీని రెండు సంగతులు అడగండి. ప్రోగ్రామ్‌కి సీఏఏహెచ్ఈపీ (ఇలాంటి కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు గానీ, ఆ దారిలో ఉన్నట్టు సీఓఏఈఎంఎస్‌పీ (దాని తరఫున పారామెడిక్ కోర్సులను పరిశీలించే కమిటీ) లెటర్ గానీ ఉందా? 2013 నుంచి అది లేనిచోట చదివితే నేషనల్ రిజిస్ట్రీ (దేశమంతటా ఈఎంటీ, పారామెడిక్ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) పారామెడిక్ పరీక్షకు కూర్చోనివ్వరు. రెండోది, ఇంటర్న్‌షిప్ ఏ సర్వీసుతో, అక్కడ కాల్స్ ఎన్ని వస్తాయి? కాల్స్ రాని స్టేషన్‌లో పడితే సోఫాలోనే గంటలు అయిపోతాయి. సీనియర్లు స్కిల్ స్టేషన్ల (చేతిపని చేసి చూపించే) పరీక్ష గురించి భయపెడితే పట్టించుకోకండి, నేషనల్ రిజిస్ట్రీ 2024లో పారామెడిక్‌లకు దాన్ని తీసేసింది. ఫీజు కాక యూనిఫాం, టీకాలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్ట్ ఖర్చులు విడిగా ఉంటాయి.

ఒక్కటి మాత్రం ఆపొద్దు. ఈఎంటీ నేషనల్ రిజిస్ట్రీ పరీక్ష పాఠాలు గుర్తుండగానే, ఈ నెలలోనే రాసేయండి. ఆ సర్టిఫికెట్ రెండేళ్ళు నడుస్తుంది, ఈ ఆగస్టు పోతే వచ్చే ఆగస్టు బ్యాచ్‌కి హాయిగా చేరొచ్చు.