విదేశాల్లో దంతవైద్య సేవకు అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీడీఎస్ చివరికొచ్చింది, హౌస్ సర్జన్సీ (ఆసుపత్రి శిక్షణ) చేస్తోంది. టాంజానియాలో పేదలకు పళ్ల వైద్యం చేసే రెండు వారాల వాలంటీర్ కార్యక్రమంలో చేరతానని పట్టుబడుతోంది. విమాన ఖర్చులు కాక రెండున్నర లక్షలు కట్టమంటున్నారు. ఆ సర్టిఫికెట్ ఉంటే అమెరికాలో సీటు సులువుగా వస్తుందని ఆ సంస్థ వాళ్లు చెబుతున్నారు. పంపమంటారా, లేక ఆ డబ్బుతో ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) కోచింగ్‌లో చేర్పించమంటారా? అసలు బీడీఎస్‌తో భవిష్యత్తు ఉందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. పైన రాసినదంతా దాని చుట్టూనే తిరుగుతోంది. హౌస్ సర్జన్సీ ముగిసే రోజుల్లో నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. దేశం పేరు మారుతుంది, సంస్థ పేరు మారుతుంది. లోపలి బెంగ మాత్రం మారదు. ఉత్త బీడీఎస్ అంటే నలుగురూ చులకన చేస్తారని, పక్కన ఇంకేదైనా తగిలిస్తే తప్ప పిల్ల జీవితం నిలబడదని భయం. అయ్యా, భవిష్యత్తు ఉంది. పళ్ల డాక్టరుకు మొదటి కొన్నేళ్లు జీతం తక్కువ, ఎదుగుదల నెమ్మది. అది నిజమే. కానీ చేతిలో పనితనం ఉన్న డాక్టరు ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు. మీ అమ్మాయికి ఏ రైలూ తప్పిపోలేదు.

ఇక కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. మీ ఉత్తరంలో ఖర్చు ఉంది, సర్టిఫికెట్ ఉంది, సీటు ఉంది. అక్కడ మీ అమ్మాయి ఎవరికి, ఏ వైద్యం, ఎవరి పర్యవేక్షణలో చేయబోతోందో మాత్రం లేదు. మీరు అడిగి ఉండరు. పెళ్లి సంబంధానికి ఏడు తరాలు ఆరా తీసే మనం, కూతురు పరాయి దేశంలో ఒకరి నోట్లో సూది పెట్టబోతుంటే ఒక్క ప్రశ్నా వేయకుండా డబ్బు లెక్క చూసుకోవడం ఏమిటి?

అక్కడ జరిగేది చెబుతాను. మారుమూల పల్లెలో శిబిరం అంటే బడి గది, ప్లాస్టిక్ కుర్చీ, తలకు కట్టుకున్న దీపం. రోగి తల కదలకుండా వెనక ఒకరు పట్టుకుంటారు. ఎక్స్‌రే ఉండదు. నెలల తరబడి నొప్పి భరించి వచ్చినవాళ్లే ఎక్కువ, కాబట్టి చాలామందికి పన్ను పీకడం ఒక్కటే దారి. కింది దవడ పన్ను, మత్తు సరిగా ఎక్కదు, వేరు సగంలో విరుగుతుంది. ఇక్కడైతే వెనక ప్రొఫెసర్ ఉంటారు. అక్కడ ఎవరుంటారు? అంతా బాగా జరిగిందనుకున్నా, పీకిన చోట రక్తపు గడ్డ ఊడిపోతే రెండు మూడు రోజులకు చెవిదాకా పాకే నొప్పి మొదలవుతుంది. అప్పటికి శిబిరం ఇంకో ఊరికి వెళ్లిపోయి ఉంటుంది. ఆ రోగి ఎవరి దగ్గరకు పోవాలి? డెంటల్ కౌన్సిల్‌లో పూర్తి రిజిస్ట్రేషన్ రాకుండా మీ అమ్మాయి ఖమ్మంలో సొంతంగా క్లినిక్ పెట్టలేదు. అలాంటప్పుడు టాంజానియా పిల్లవాడి నోటికి ఆమె చేయి ఎలా సరిపోతుందని అనుకోవాలి? ఇలా డబ్బు తీసుకుని, చదువు ముగియని పిల్లలను రోగుల దగ్గరకు తీసుకెళ్లే పద్ధతి మీద నాకు ఏమాత్రం నమ్మకం లేదు.

అమెరికా సంగతీ అంతే. అక్కడ మన బీడీఎస్ వాళ్లు మళ్లీ రెండు మూడేళ్లు డెంటల్ కాలేజీలో చదవాలి. ఖర్చు కోటి దాటడం మామూలు. పరీక్షల వివరాలు మీ అమ్మాయికి తెలిసే ఉంటాయి, వదిలేస్తున్నాను. సీటు ఇచ్చేవాళ్లు మార్కులు, ఆమె పనిని దగ్గరగా చూసిన అధ్యాపకుల లేఖలు చూస్తారు. చాలా కాలేజీలు ఎదురుగా కూర్చోబెట్టి కృత్రిమ పన్ను మీద చేతిపని చేయించి చూస్తాయి. రెండు వారాల కాగితం అక్కడ పెద్దగా మాట్లాడదు. పైగా, విదేశాలకు వెళ్లినప్పుడు అర్హత లేని వైద్యం చేయవద్దని అక్కడి డెంటల్ కాలేజీల సంఘం డెంటల్ కోర్సులో చేరదలచిన విద్యార్థులకు హెచ్చరిక రాసి పెట్టింది. శిబిరంలో దిగిన ఫొటో మేలు చేయకపోగా ఇబ్బందికరమైన ప్రశ్నలు తెచ్చిపెట్టవచ్చు.

అలాగని పంపవద్దన్నానని అమ్మాయిని కసరకండి. ఆమె కోరిక మంచిది, వేళ మంచిది కాదు. టాంజానియా గురించే ఒక మాట చెప్పండి ఆమెకు. కరెంటు, డ్రిల్లు లేకుండా చేతి పనిముట్లతో పుచ్చును తోడేసి గ్లాస్ అయనోమర్ సిమెంటు నింపే పద్ధతి 1980ల మధ్యలో ఆ దేశంలోనే రూపుదిద్దుకుంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి ప్రచారం ఇచ్చింది. ఆ సిమెంటు, పుచ్చును ఆపే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ ద్రావణం 2021లో ఆ సంస్థ అత్యావశ్యక మందుల జాబితాకు ఎక్కాయి. మనం ఉద్ధరించడానికి వెళ్తున్నామనుకుంటున్న దేశం దగ్గర నేర్చుకోవలసింది అంత ఉంది. ఆ దేశంలోనే బ్రిడ్జ్ టు ఎయిడ్ అనే బ్రిటిష్ సంస్థ పల్లెల్లోని ఆరోగ్య సిబ్బందికి అత్యవసర దంతవైద్యం నేర్పుతూ వచ్చింది. వాలంటీర్లు విమానం ఎక్కినా, నేర్చుకున్న మనిషి ఆ ఊళ్లోనే ఉంటాడు. నేను సేవ అనేది దాన్ని.

ముందు హౌస్ సర్జన్సీ ముగించి, రిజిస్ట్రేషన్ చేయించుకోనివ్వండి. ఆ తర్వాత రెండేళ్లు రోగుల రద్దీ బాగా ఉండే చోట, ప్రభుత్వ ఆసుపత్రిలోనో, డెంటల్ కాలేజీ నడిపే పల్లె కేంద్రంలోనో పని చేయనివ్వండి. మీ ఇంటి నుంచి భద్రాచలం వైపు గిరిజన గూడేలు ఎంత దూరం? నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లకు గారపట్టిన పళ్లతో నవ్వడానికి సిగ్గుపడే మనుషులు ఇప్పటికీ ఉన్నారు. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిట్లో వచ్చే మచ్చను క్యాన్సర్ కాకముందే పసిగట్టడం ఎంత పెద్ద విద్య! ఇక్కడైతే ఆమెకు జనం మాట తెలుసు, నాలుగో రోజు రోగి మళ్లీ ఆమె దగ్గరకే వస్తుంది. తన తప్పు తనకు కనిపించేది అప్పుడే, చేయి కుదిరేదీ అప్పుడే.

ఎండీఎస్ కోచింగ్ మాటకు వస్తే, ఆమెకు చదవాలని ఉంటే చేర్పించండి, లేకపోతే బలవంతం వద్దు. సేవ మీద నిజంగా మనసుంటే పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీలో, అంటే జనం మొత్తం పళ్ల ఆరోగ్యం చూసే విభాగంలో, ఎండీఎస్ ఉంది. ఉద్యోగాలు పరిమితం, ఆదాయం వంకర పళ్లు సరిచేసే ఆర్థోడాంటిక్స్ అంత ఉండదు. తెలిసే ఎంచుకోవాలి. ఏడాది ఆగితే కొంపలేమీ మునగవు.

అనుభవం వచ్చాక మెర్సీ షిప్స్ లాంటి సంస్థలకు దరఖాస్తు చేయవచ్చు. 1978లో మొదలైన ఆ సంస్థ ఆసుపత్రి ఓడలతో ఆఫ్రికా దేశాల్లో దంతవైద్యం కూడా చేస్తుంది. అక్కడా వాలంటీర్లు తమ ఖర్చు తామే పెట్టుకోవాలి, కాబట్టి డబ్బు కట్టమన్న ప్రతిదీ మోసమని నేననను. లైసెన్సు, అనుభవం చూసి తీసుకుంటారా లేదా అన్నదే తేడా.

మీ అమ్మాయి అప్పటికీ ఇప్పుడే వెళ్తానంటే ఆ సంస్థకు ఇద్దరూ కలిసి ఉత్తరం రాయండి. టాంజానియా ప్రభుత్వం నుంచి వైద్యం చేసే అనుమతి ఎవరి పేరున ఉంది? స్థానిక డాక్టరు ఎవరు? పనిముట్లు ఎలా స్టెరిలైజ్ చేస్తారు? రోగికి స్వాహిలీలో విషయం చెప్పి ఒప్పుకోలు తీసుకునేది ఎవరు? శిబిరం వెళ్లిపోయాక రోగిని చూసేది ఎవరు? రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా ఒక్క రూపాయి అడ్వాన్సు కట్టకండి.