కారును కదిలించే బలం ఎలా లెక్కకట్టాలి?

మీ లెక్క ఇది కదా: ఆగి ఉన్న 1200 కిలోల కారు 10 సెకన్లలో గంటకు 72 కిలోమీటర్ల వేగం అందుకుంది, దాని మీద పనిచేసిన బలం ఎంత? సూత్రం తేలికే, బలం = ద్రవ్యరాశి × త్వరణం. తప్పు జరిగేదల్లా యూనిట్ల దగ్గరే. 72ని నేరుగా 10తో భాగించి, వచ్చిన 7.2ని త్వరణం అనుకుని 8640 అని రాసేస్తారు చాలామంది, అది తప్పు. ముందు వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చాలి, అంటే 72ని 3.6తో భాగిస్తే 20 వస్తుంది. సున్నా నుంచి 20కి చేరడానికి 10 సెకన్లు పట్టింది కాబట్టి సగటు త్వరణం 2 మీ/సె². ఇక 1200 × 2 = 2400 న్యూటన్లు. అంతే.

కానీ ఒక విషయం మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి, చాలా గైడ్లలో దీన్ని సరిగ్గా చెప్పరు: ఈ 2400 అనేది ఫలిత బలం, అంటే ముందుకు నెట్టే బలంలోంచి గాలి, ఘర్షణ వెనక్కి లాగేది తీసేశాక మిగిలింది. ఆ నిరోధం 400 న్యూటన్లు అనుకుంటే, ముందుకు నెట్టే బలం 2800 ఉండాలి. నిరోధం గురించి ప్రశ్నలో ఏమీ ఇవ్వకపోతే 2400 రాస్తే చాలు.

ఇంకోటి, ద్రవ్యరాశిని 9.8తో, అంటే భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణంతో, గుణించాలా అని అడిగారు. అక్కర్లేదు. అలా గుణిస్తే వచ్చే 11760 న్యూటన్లు కారు బరువు, అది కిందికి పనిచేస్తుంది, సమతలమైన రోడ్డు దాన్ని అంతే బలంతో పైకి నెడుతుంది కాబట్టి ఈ లెక్కలోకి రాదు. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మాత్రం వస్తుంది.