సమాధానం: అమ్మకి సీఆర్‌పీ 18, డిప్రెషన్ మాత్రలు ఆపెయ్యాలా?

అమ్మగారికి పదేళ్లుగా కీళ్లవాతం, సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, ఉందేమో చెప్పే రక్తపరీక్ష) 18 వచ్చింది, మూడు నెలలుగా మాటామంతీ లేక పడుకునే ఉంటున్నారు, బాబాయిగారేమో "ఇదంతా ఇన్‌ఫ్లమేషనే, ఆ మాత్రలాపి పసుపు పాలు పట్టండి" అంటున్నారని రాశారు. మాత్రలు మాత్రం ఆపకండి.

ఆయన మాటలో సగం నిజముంది. జ్వరమొస్తే మనకి అన్నం సహించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు కదండీ. ఇన్‌ఫ్లమేషన్ వేళ ఒంట్లో పుట్టే సైటోకైన్లనే రసాయనాలు మెదడుకి చేరవేసే కబురే అది. నెలల తరబడి అలాగే ఉంటే కొందరికి డిప్రెషన్‌గా దిగుతుంది. హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్ (అదీ ఒక సైటోకైనే) ఇంజెక్షన్లు ఇచ్చే రోజుల్లో ఎంతోమంది ఇలాగే కుంగిపోయారు. అయితే వాపు తగ్గిస్తే మనసూ కుదుటపడుతుందా? మొండి డిప్రెషన్‌కి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే వాపు తగ్గించే మందు ఇచ్చి చూసిన 2013 నాటి పరీక్షలో, మొత్తమ్మీద అది ఉత్తుత్తి మందుని మించలేదు. సీఆర్‌పీ 5 దాటినవాళ్లలో మాత్రం కాస్త గుణం కనిపించింది.

సీఆర్‌పీ నిప్పుందని చెబుతుందే గానీ ఎక్కడుందో చెప్పదు. చిగుళ్లు, యూరిన్ కూడా చూపించండి. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ చేయించారా?

అసలు ముఖ్యమైంది ఇది: కీళ్ల డాక్టరు చీటీ, మనసు డాక్టరు చీటీ ఒకరివొకరికి చూపించండి. స్టెరాయిడ్ వాడుతుంటే దానివల్లా నిద్ర, మూడ్ చెడతాయి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఎస్సిటలోప్రామ్ లాంటి డిప్రెషన్ మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

మీది గుంటూరే కాబట్టి జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రిలో) సైకియాట్రీ ఓపీ ఉంది. "బతకాలని లేదు" లాంటి మాట వస్తే ఓపీ రోజు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి; ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.