పడవ మునుగుతుంటే షూట్ చేసేదెవరు?

యుద్ధం, వలసల మీద తీసే టీవీ డాక్యుమెంటరీల్లో అంత ప్రమాదం మధ్య కెమెరామన్ ఎలా ఉంటాడని అడిగారు. చాలాసార్లు ఉండడండీ.

2016లో బీబీసీలో వచ్చిన 'ఎక్సోడస్: అవర్ జర్నీ టు యూరప్' సంగతే చూడండి. స్మగ్లర్ల రబ్బరు పడవలో టీవీ టీం ఎక్కే పరిస్థితి లేదు, అందుకని యూరప్‌కి బయల్దేరిన శరణార్థుల చేతికే కెమెరా ఫోన్లు ఇచ్చారు. టర్కీ నుంచి గ్రీస్‌కి వెళ్తుంటే పడవలోకి నీళ్లొచ్చే సీన్, ఊగిపోయే ఫ్రేమ్‌తో, చూస్తున్న మనకే టెన్షన్ పుట్టించేలా, అందులో ఉన్న మనిషి తీసిందే. వెళ్లగలిగిన చోటికి మాత్రం టీం వెళ్లింది, టర్కీ నగరం ఇజ్మీర్ వీధుల్లో సిగరెట్లు అమ్ముకునే, సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన పాప కథ అలా తీసిందే.

ఇంకో దారి, గొడవలు సద్దుమణిగాక ఏళ్లకి వెళ్లి కూర్చోబెట్టి మాట్లాడించడం. 'ఎక్సోడస్' తీసిన దర్శకుడు జేమ్స్ బ్లూమెల్, ఉత్తర ఐర్లాండ్‌లో కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ మధ్య ఏళ్ల తరబడి నడిచిన గొడవల మీద 2023లో తీసిన 5 భాగాల సిరీస్‌లో రెండు వైపులవాళ్లూ, ఒకప్పుడు తుపాకీ పట్టినవాళ్లు కూడా నోరు విప్పుతారు, మధ్యమధ్యలో పాత న్యూస్ ఫుటేజీ వస్తుంది. నన్నడిగితే ఇదే కష్టం: ఫోన్ ఇచ్చేయొచ్చు గానీ, నమ్మకం అంత తేలిగ్గా రాదు కదా.